యాభై ఏళ్ల కొలువుకు గౌరవం: జర్మనీ చిన్న డచీల దీర్ఘసేవా పతకాలు

పాతనాణెం:
సభ్యులందరికీ నమస్కారం. పాత నాణేలు సేకరించే మిత్రుడొకరు మొన్న తన పెట్టె విప్పి చూపించినప్పుడు, నాణేల మధ్యలో రెండు వేరే వస్తువులు కనిపించాయి. ఒకటి తెల్లటి మీనా పూసిన ఎనిమిది మొనల శిలువ. దాని చేతుల మధ్య చిన్న చిన్న సింహాలు, నడుమ గుండ్రటి బిళ్లలో ఒక పురుషుని ముఖం, చుట్టూ నీలి వలయంలో లాటిన్ అక్షరాలు ఉన్నాయి. రెండోది పాలకుని తల ముద్రించిన వెండి పతకం. దాని రిబ్బను ముదురు ఎరుపు, అంచులు పచ్చ. పూర్వం జర్మనీలో ఒక చిన్న డచీలో, అంటే డ్యూక్ ఏలే సంస్థానంలో, ఏళ్ల తరబడి పనిచేసిన ఉద్యోగులకు ఇచ్చేవారని, అమ్మినవాడు చెప్పాడని మా మిత్రుడు అన్నాడు. అంతకుమించి ఆయనకు తెలియదు. ఇది నిజంగా దీర్ఘసేవకు ఇచ్చినదేనా, ఏ డచీది, ఎన్నేళ్లు పనిచేస్తే ఇచ్చేవారు అన్న సంగతులు తెలిసినవారు చెప్పగలరని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

యేనా వాసి:
మీ వర్ణన చదవగానే ఏదో తెలిసిపోయింది. అది సాక్స్-ఎర్నెస్టైన్ హౌస్ ఆర్డర్. ఆర్డర్ అంటే పాలకుడు తరగతులవారీగా ఇచ్చే గౌరవ చిహ్నం. మీరు ఒక డచీ అన్నారు కానీ అది మూడు డచీల ఉమ్మడి సొత్తు. ఆల్టెన్‌బర్గ్ డ్యూక్ ఫ్రెడరిక్, కోబుర్గ్-గోటా డ్యూక్ మొదటి ఎర్న్‌స్ట్, మైనింగెన్ డ్యూక్ రెండో బెర్న్‌హార్డ్ కలిసి 1833 డిసెంబరు 25న దీన్ని స్థాపించారు. శిలువ వెనక్కి తిప్పి చూస్తే ఆ తేదీ, సాక్సనీ రాజచిహ్నం కనిపించాలి. నీలి వలయంలోని లాటిన్ మాటలు ‘ఫిడెలిటెర్ ఎట్ కాన్‌స్టాంటెర్’. విశ్వాసంతో, స్థిరంగా అని అర్థం.

మూడు ప్రభుత్వాలకు ఒకే బిరుదు చిహ్నం ఎందుకన్నది తెలియాలంటే అన్నదమ్ముల పంపకాల కథ చెప్పాలి. మధ్యలో ఉన్న ముఖం ఎర్న్‌స్ట్ అనే డ్యూకుది. భక్తుడని పేరుపడిన ఆయన 1601 నుంచి 1675 వరకు జీవించి, 1640 నుంచి గోటాలో పాలించాడు. ఆయన పోయాక ఏడుగురు కొడుకులు 1680లో రాజ్యాన్ని ఏడు ముక్కలుగా పంచుకున్నారు. గోటా, కోబుర్గ్, మైనింగెన్, రోమ్‌హిల్డ్, ఐసెన్‌బర్గ్, హిల్డ్‌బర్గ్‌హౌసెన్, జాల్‌ఫెల్డ్ అని ఆ ముక్కల పేర్లు. మన ఊళ్లలో ఎకరం చెక్కను ఏడు గట్లు వేసి పంచుకున్నట్టే. తర్వాత ఒక్కొక్క వంశం అంతరించడం, మిగిలినవారు ఆ ముక్క కోసం పోట్లాడుకోవడం నూటయాభై ఏళ్లు సాగింది. 1825లో గోటా-ఆల్టెన్‌బర్గ్ వంశం కూడా ఆగిపోయినప్పుడు, సాక్సనీ రాజు మధ్యవర్తిత్వంతో 1826లో చివరి పంపకం జరిగి మూడు డచీలు మిగిలాయి. ముగ్గురు డ్యూకులకూ ఎర్న్‌స్టే మూలపురుషుడు. పంపకాలు తేలిన ఏడేళ్లకు ఆ తాతగారి బొమ్మతోనే ఉమ్మడి ఆర్డర్ పుట్టింది. 1690లోనే గోటా పాలకుడు మొదటి ఫ్రెడరిక్ ‘జర్మన్ నిజాయితీ’ పేరుతో ఒక ఆర్డర్ పెట్టాడు. ఇది దానికి పునరుద్ధరణ అని చెప్పుకున్నారు.

ట్రెజరీ విశ్రాంతుడు:
చరిత్ర బాగుంది, యేనా వాసి గారూ. అయితే పాతనాణెం గారి అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఎన్నేళ్ల సర్వీసుకు ఇచ్చేవారు? ముప్పై నాలుగేళ్లు ఖజానా కార్యాలయంలో ఇతరుల సర్వీసు రిజిస్టర్లు సరిచూసినవాణ్ణి కనుక, నాకు ముందుగా కళ్లు పోయేది ఆ గడి మీదికే. సంవత్సరాల లెక్క లేనిదాన్ని దీర్ఘసేవా పతకం అనడం నాకు మింగుడు పడదు.

యేనా వాసి:
మీ అభ్యంతరం న్యాయమైనదే. ఎర్నెస్టైన్ ఆర్డర్‌కు ఇన్నేళ్లని నిబంధన లేదు. గ్రాండ్ క్రాస్, రెండు కమాండర్ తరగతులు, నైట్ తరగతి, వాటికి అనుబంధంగా సేవా శిలువ, పతకాలు ఉండేవి. ప్రతిభకూ విధేయతకూ ఇచ్చే గౌరవం అది. కాకపోతే ఇంత చిన్న రాజ్యాల్లో ప్రతిభ చూపించడానికి యుద్ధాలు లేవు, వలస రాజ్యాలు లేవు, పెద్ద కర్మాగారాలు లేవు. ఉన్నవల్లా అడవులు, పన్నులు, బడులు, చర్చిలు, కోర్టులు. అందువల్ల ఆచరణలో ముప్పై నలభై ఏళ్లు ఒకే కుర్చీలో నమ్మకంగా కూర్చున్న అధికారికి ఏదో ఒక జయంతి రోజునో, విరమణ రోజునో ఈ చిహ్నం అందేది. 1864 తర్వాత సైనికులకు ఇచ్చినప్పుడు దీనికి కత్తులు చేర్చేవారు. కత్తులు లేనివి సాధారణంగా కొలువు వారివే.

అచ్చంగా సంవత్సరాలు లెక్కపెట్టి ఇచ్చిన పతకాలు కావాలంటే పొరుగున చూడాలి. బవేరియా రాజు మొదటి లూడ్విగ్ తన పుట్టినరోజైన 1827 ఆగస్టు 25న లూడ్విగ్ ఆర్డర్ పెట్టాడు. గౌరవప్రదంగా యాభై ఏళ్లు పనిచేయడమే దానికి అర్హత. కౌన్సిలర్ హోదా ఉన్నవారికి శిలువ, లేనివారికి అదే మాటలతో పతకం. యాభై ఏళ్లు ఇద్దరివీ ఒక్కటే అయినా, లోహం మాత్రం హోదాను బట్టి మారింది. అదే సంవత్సరం రష్యాలో మొదటి నికోలాస్ మచ్చలేని సేవకు గుర్తు పెట్టాడు. ఓక్ ఆకుల దండలో రోమన్ అంకెల్లో సంవత్సరాల సంఖ్య ఉండేది. పదిహేనేళ్లతో మొదలై, ఐదేళ్లకొకసారి కొత్త అంకె వచ్చేది. పౌర ఉద్యోగులకు సెయింట్ వ్లదిమిర్ రిబ్బను, సైనికులకు సెయింట్ జార్జ్ రిబ్బను.

ట్రెజరీ విశ్రాంతుడు:
ఇదీ పద్ధతి! ఐదేళ్లకొకసారి అంకె మారే పతకమంటే మా ఇంక్రిమెంటు లాంటిదే అన్నమాట. ఛాతీ మీదే సర్వీసు రిజిస్టరు.

మీనాకారి:
అందరికీ ఒక మాట మనవి చేయాలి. తెలుగులో పతకం అన్న ఒక్క మాటతో రెండు వేరే వస్తువులను పిలుస్తున్నాం. పైన కొక్కెం లేదా ఉంగరం ఉండి, రిబ్బనుతో కోటు కాజాకు తగిలించుకునేది ఒకటి. దాన్ని ధరించే హక్కు ప్రభుత్వం ఇస్తుంది. పైన ఏమీ లేకుండా, చేత్తో పట్టుకుని చూసుకోవడానికి, పెట్టెలో దాచుకోవడానికి చేసేది ఇంకొకటి. రెండోది జ్ఞాపిక మాత్రమే. పాతనాణెం గారి మిత్రుని వెండి పతకానికి కొక్కెం ఉందో లేదో చెబితే సగం విషయం తేలుతుంది. నేను మీనా పనివాణ్ణి కనుక ఇంకో సంగతి కూడా అడుగుతున్నాను. శిలువ మొనల దగ్గర మీనా పెచ్చు ఊడిందా? తెల్ల మీనా లోహం అంచు దగ్గరే ముందుగా పగులుతుంది. ఏ పెచ్చూ లేకుండా పాలలా మెరుస్తున్న నూటయాభై ఏళ్ల శిలువను చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. అటువంటి దాన్ని ఒకసారి నేనే మోజుపడి కొని, చేతిలోకి తీసుకున్నాక నకలని తెలుసుకుని నోరు మూసుకున్నాను.

పాతనాణెం:
వెండి పతకానికి కొక్కెం ఉంది. శిలువ కింది చేతి రెండు మొనల్లో ఒకదానికి వడ్లగింజంత మీనా లేదు. అది లోపమని మిత్రుడు ధర తగ్గించి కొన్నాడట. మీరు చెప్పింది వింటే అదే దాని జాతకమని సంతోషపడాలేమో.

యేనా వాసి:
మీనాకారి గారు రెండు రకాల పతకాలను విడదీసి చెప్పడం మేలైంది. ఎందుకంటే దీర్ఘసేవ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పతకం ఆ రెండో రకానిది. అది గోటాది కాదు, పొరుగు డచీ వైమార్‌ది. నేనుండే యేనా నుంచి రైల్లో పావుగంట దూరం.

మహాకవి గేథేను మనం కవిగానే ఎరుగుదుము. వైమార్ దృష్టిలో ఆయన ముందు ఒక ప్రభుత్వోద్యోగి. పద్దెనిమిదేళ్ల డ్యూక్ కార్ల్ ఆగస్ట్ పిలుపు మీద 1775 నవంబరు 7న ఆ ఊరు చేరేనాటికి గేథే వయస్సు 26. ఊరి జనాభా ఆరు వేల చిల్లర. మరుసటి ఏడాది జూన్ 11న ఆయనను 1,200 థాలర్ల (అప్పటి వెండి నాణేలు) జీతంతో, డ్యూకుకు సలహా ఇచ్చే రహస్య మండలిలో సభ్యునిగా వేశారు. అనుభవం లేని కుర్రవాణ్ణి తెచ్చి పక్కన కూర్చోబెడితే తాను పనిచేయలేనని సీనియర్ మంత్రి ఫ్రిట్ష్ రాజీనామా ఇవ్వబోయాడు. డ్యూక్ తల్లి అన్నా అమాలియా సర్ది చెప్పాక ఆగాడు. ఆ తర్వాత గేథే ఇల్మెనౌ గనుల సంఘం, రోడ్ల సంఘం, సైన్యం సంఘం, 1782 నుంచి ఆర్థిక శాఖ చూశాడు. చెప్పడానికి పెద్ద శాఖలే కానీ, పనులన్నీ చిన్నవి: గుంతలు పూడ్పించడం, సైనికుల సంఖ్య తగ్గించి ఖర్చు మిగల్చడం, నీళ్లు నిండిన గనిని తోడించడం. ఆ గనిని 1784లో ఆర్భాటంగా తెరిచారు. 1796లో నీరు విరుచుకుపడి ఆశలన్నీ ముంచేసింది.

1825 నవంబరు 7న, ఆయన వైమార్‌కు వచ్చి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, కార్ల్ ఆగస్ట్ (అప్పటికి గ్రాండ్ డ్యూక్ అయ్యాడు) దాన్ని గేథే ఉద్యోగ స్వర్ణోత్సవంగా జరిపించాడు. బంగారు పతకం ఒకటి చేయించాడు. ఒక వైపు గ్రాండ్ డ్యూక్, ఆయన భార్య లూయిజా, రెండో వైపు గేథే. పాలకుని ముఖానికి వెనక ఉద్యోగి ముఖం ఉన్న పతకం ఆ కాలంలో ఎంత అరుదైనదో ఆలోచించండి. యేనా విశ్వవిద్యాలయం గౌరవ పట్టాలిచ్చింది. సాయంత్రం నాటకశాలలో ఆయన రాసిన ఇఫిగేనియా ఆడారు. పతకంతో పాటు ఇచ్చిన లేఖలో కార్ల్ ఆగస్ట్ ఆయనను తన మొదటి రాజ్యసేవకుడని, యౌవన మిత్రుడని పిలిచి, మారని విశ్వాసంతో, స్థిరత్వంతో తనతో నడిచాడని రాశాడు. ఆ రెండు మాటలు గమనించండి: విశ్వాసం, స్థిరత్వం. ఎనిమిదేళ్ల తర్వాత పక్క డచీల శిలువ మీదికి ఎక్కినవీ అవే. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారని నేను అనను. కొలువు నుంచి పాలకులు ఏమి కోరుకునేవారో అప్పటి జర్మన్ సంస్థానాలన్నిటికీ ఉమ్మడి మాట అది.

ట్రెజరీ విశ్రాంతుడు:
ఆగండి, ఆగండి. ఇక్కడ లెక్క తప్పింది. నియామక ఉత్తర్వు 1776 జూన్ 11 నాటిది అన్నారు కదా. జూన్ 11 నుంచి లెక్కిస్తే 1825 నవంబరు 7 నాటికి 49 సంవత్సరాల 4 నెలల 27 రోజులే అవుతుంది. యాభై ఏళ్లకు ఏడు నెలలకు పైగా తక్కువ. నా బల్ల మీదికి ఈ ఫైలు వచ్చి ఉంటే ఎర్ర సిరాతో వెనక్కి పంపి ఉండేవాణ్ణి.

యేనా వాసి:
మీ కంటికి చిక్కకుండా పోతుందా! కార్ల్ ఆగస్ట్ తెలిసే అలా చేశాడు. గేథే వైమార్‌లో అడుగుపెట్టిన రోజునే కొలువులో చేరిన రోజుగా పరిగణించాలని ఆయన నిశ్చయం. ఉత్తర్వు రాకముందు ఏడు నెలలు అతిథిగా, స్నేహితునిగా ఉన్న కాలం కూడా సేవ కిందే జమ అయింది.

ట్రెజరీ విశ్రాంతుడు:
అయితే తీసివేతలు కూడా చూడాలి కదా. ఆయన ఇటలీ వెళ్లి కూర్చున్న కాలం మాటేమిటి? ఆ సెలవు మంజూరైందా?

యేనా వాసి:
1786 సెప్టెంబరు 3 తెల్లవారుజామున కార్ల్స్‌బాడ్ నుంచి, ఎక్కడికి వెళ్తున్నదీ ఎవరికీ చెప్పకుండా బండెక్కాడు. గడువు లేని సెలవు కావాలని డ్యూకును ముందే అడిగాడు కానీ ఊరి పేరు చెప్పలేదు. తిరిగి వైమార్ చేరింది 1788 జూన్ 18న. ఆ కాలమంతా జీతం ఆగలేదు. వచ్చాక శాఖల భారం చాలావరకు దించుకుని, నాటకశాల, గ్రంథాలయం, యేనాలోని విద్యాసంస్థల పర్యవేక్షణ చూసుకున్నాడు.

ట్రెజరీ విశ్రాంతుడు:
ఒక సంవత్సరం, 9 నెలలు, 15 రోజులు. పూర్తి జీతంతో. చిరునామా లేకుండా. నేను కూతురి పెళ్లికి పద్దెనిమిది రోజులు సెలవు పెడితే చిరునామా, ఫోను నంబరు రాయలేదని దరఖాస్తు తిప్పి పంపారు, పెళ్లి మా ఇంట్లోనే జరుగుతున్నప్పటికీ. సరే, ఆ డ్యూక్ కింద పనిచేసి ఉంటే నేనూ యాభై ఏళ్లు ఉండేవాణ్ణే.

మీనాకారి:
హాస్యం పక్కనపెడితే, నా అభిప్రాయం కొంచెం వేరు. గేథే ఉదాహరణ తీసుకుంటే దీర్ఘసేవా గౌరవం అంటే ఏమిటో మసకబారుతుంది. ఆయన లోకమంతా ఎరిగిన కవి. వైమార్ పేరు బయట తెలిసిందే ఆయన వల్ల. ఆ పతకంతో గ్రాండ్ డ్యూక్ తన ఆస్థానాన్నే గౌరవించుకున్నాడు. రోడ్ల సంఘంలో ఆయన కింద గులకరాళ్ల బండ్లు లెక్కపెట్టిన గుమాస్తా కూడా యాభై ఏళ్లు చేసి ఉంటే వానికి ఏమి దక్కింది అన్నదే దీర్ఘసేవా పతకానికి పరీక్ష.

యేనా వాసి:
మీ మాటలో బరువుంది. కొంతమేరకు ఒప్పుకుంటాను. కానీ ఉద్యోగ స్వర్ణోత్సవం గేథే కోసం కనిపెట్టింది కాదు. ఆయన సహచర మంత్రి ఫోయిక్ట్ 1816 సెప్టెంబరు 27న యాభై ఏళ్ల సేవ పూర్తి చేసినప్పుడు కూడా వేడుక జరిగింది. దానికి గేథే స్వయంగా పద్యం రాశాడు. ఫోయిక్ట్ ఈరోజు వైమార్ వాసులకే సరిగా తెలియదు. గేథే ప్రభుత్వంలో చేసిన పనుల్లో సగం భారం మోసింది ఆయనే. అంతకు ముందు ఏడాది 1815లో, వైమార్ సొంత ఆర్డర్ అయిన తెల్ల డేగ ఆర్డర్‌ను కార్ల్ ఆగస్ట్ మళ్లీ బతికించాడు. అది మొదట 1732లో పుట్టి మూలపడింది. జాగరూకతతో పైకెదుగుతాం అన్నది దాని నినాదం. గేథేకు దాని గ్రాండ్ క్రాస్ 1816 జనవరి 30న వచ్చింది. కాజాకు పెట్టుకునే గౌరవం పదేళ్ల ముందే అందిందన్నమాట. 1825 నాటి బంగారు బిళ్ల పూర్తిగా మరో కోవకు చెందినది. హోదాకు కాదు, కాలానికి ఇచ్చింది.

గుమాస్తా సంగతి మాత్రం మీరన్నదే నిజం. వానికి దక్కింది పాతనాణెం గారి మిత్రుని పెట్టెలో ఉన్న రెండో వస్తువు. శిలువ కాదు, వెండి పతకం. ఏ డచీలో ఇచ్చారో ఆ డచీ డ్యూక్ తల దాని మీద ఉంటుంది. ఆయన మారినప్పుడల్లా ముఖం మారేది.

గ్రంథాలయ సోదరి:
చర్చ చదువుతూ వచ్చాను. రెండు విషయాలు చేర్చాలనిపించింది. మొదటిది, శిలువ మధ్యలో ఎర్న్‌స్ట్ డ్యూకునే ఎందుకు పెట్టారన్నది వంశవృక్షంతో మాత్రమే తేలదు. ముప్పై ఏళ్ల యుద్ధం నడుస్తుండగానే ఆయన 1642లో బడులకు నియమావళి రాయించి, పిల్లలందరూ బడికి రావాలని పట్టుబట్టాడు. 1643లో మొదలుపెట్టి 1654కల్లా ఫ్రీడెన్‌స్టైన్ కోట కట్టించాడు. శాంతిశిల అని దాని పేరుకు అర్థం. ఆయన ఆస్థానంలోనే పెరిగిన సెకెండార్ఫ్ అనే అధికారి 1656లో చిన్న జర్మన్ సంస్థానాన్ని ఎలా నడపాలో వివరిస్తూ పెద్ద గ్రంథం ప్రచురించాడు. పన్ను నుంచి అడవి దాకా, పాలకుని బాధ్యత నుంచి వంటశాల ఖర్చు దాకా అన్నీ అందులో ఉన్నాయి. తరాల తరబడి జర్మన్ విశ్వవిద్యాలయాల్లో కాబోయే ఉద్యోగులకు అదే పాఠం. కాబట్టి ఉద్యోగి కోటు మీద ఎర్న్‌స్ట్ ముఖం ఉండటం ఒక రకంగా వృత్తికి మూలపురుషుణ్ణి పెట్టుకోవడమే.

రెండోది, ఇంతసేపు మాట్లాడుకున్న ఈ ఆర్డర్లు, స్వర్ణోత్సవాలు మగవారి కొలువు చుట్టూ అల్లినవే. స్త్రీల సేవాకాలాన్ని లెక్కపెట్టిన గుర్తు కోసం మళ్లీ రష్యాకే పోవాలి. విద్యాసంస్థల్లో, ధర్మసంస్థల్లో పనిచేసే స్త్రీల కోసం అక్కడ 1828లో చక్రవర్తి తల్లి మరియా పేరిట ప్రత్యేక గుర్తు పెట్టారు. అది కూడా సంవత్సరాల అంకెతోనే ఉండేది.

ట్రెజరీ విశ్రాంతుడు:
అమ్మా, మంచి విషయం చెప్పారు. మన వైపు కూడా ఈ గాలి సోకింది. బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్ 1902లో ఇంపీరియల్ సర్వీస్ ఆర్డర్ పెట్టినప్పుడు పౌర ఉద్యోగులకు 25 ఏళ్ల సేవ ఉండాలన్నారు. భారతదేశంలో పనిచేసేవారికి 20 ఏళ్ల 6 నెలలు చాలన్నారు. మన ఎండలకు నాలుగున్నరేళ్లు తగ్గింపు ఇచ్చారని మా పై అధికారి ఒకాయన వేళాకోళమాడేవారు. కింది తరగతి వారికి అక్కడా ఆర్డర్ కాదు, పతకమే. రావు బహద్దూర్, రావు సాహెబ్ బిరుదులు వేరే దారిలో నడిచాయి. వాటికి ఏళ్ల లెక్క లేదు. కందుకూరి వీరేశలింగం గారికి 1893లో రావు బహద్దూర్ ఇచ్చారు. ఆయన బడిపంతులుగా పనిచేసిన సంవత్సరాలు లెక్కపెట్టి ఇచ్చింది కాదు.

పాతనాణెం:
ఈ ఆర్డర్లు ఎప్పుడు ఆగిపోయాయి? రాజులు పోయాక పెట్టుకోనిచ్చారా?

యేనా వాసి:
1918 నవంబరులో డ్యూకులందరూ గద్దె దిగడంతో ఆర్డర్లూ ముగిశాయి. 1920 మే 1న వైమార్ రాజధానిగా థురింగియా రాష్ట్రం ఏర్పడి ఈ చిన్న ప్రభుత్వాలన్నీ అందులో కలిసిపోయాయి. కోబుర్గ్ ఒక్కటి ప్రజాభిప్రాయం ప్రకారం అదే ఏడు జులై 1న బవేరియాలో చేరింది. ఉమ్మడి శిలువ ధరించిన మూడు డచీలు అలా రెండు దారులు పట్టాయి.

కొత్త జర్మన్ రాజ్యాంగాన్ని తయారుచేయడానికి ప్రతినిధుల సభ సమావేశమైంది వైమార్ నాటకశాలలోనే. గేథే పర్యవేక్షించిన భవనం కాదు, అదే సంస్థకు 1908లో కట్టిన కొత్త భవనం. 1919 రాజ్యాంగంలోని 109వ అధికరణం, ప్రభుత్వం ఆర్డర్లు, గౌరవ చిహ్నాలు ఇవ్వరాదని, విదేశీ ప్రభుత్వం నుంచి ఏ జర్మనూ బిరుదు కానీ ఆర్డర్ కానీ తీసుకోరాదని చెప్పింది. తెల్ల డేగ ఎగిరిన ఊళ్లోనే దాని రెక్కలు కత్తిరించారు.

గ్రంథాలయ సోదరి:
మన రాజ్యాంగం 18వ అధికరణం చదివినవారికి ఇది పరిచితంగా అనిపిస్తుంది. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం బిరుదులు ఇవ్వరాదు, విదేశీ రాజ్యం నుంచి భారత పౌరుడు బిరుదు స్వీకరించరాదు. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. వైమార్ వారు చిహ్నాలనే నిషేధించారు, మనవారు బిరుదుతో ఆగారు. ఆ సందులోంచే 1954లో పద్మ పురస్కారాలు వచ్చాయి. వాటిని పేరుకు ముందో వెనకో తగిలించుకోరాదని సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో స్పష్టం చేసింది. పతకం సరే, పేరు మాత్రం మారకూడదన్నది తీర్పు సారం. పశ్చిమ జర్మనీ కూడా తర్వాత మనసు మార్చుకుని 1951లో సమాఖ్య సేవా శిలువ పెట్టుకుంది.

యేనా వాసి:
సంవత్సరాల లెక్క మాత్రం ఇప్పటికీ పోలేదు. జర్మన్ సమాఖ్య ఉద్యోగులకు 25, 40, 50 ఏళ్ల సేవకు ధ్రువపత్రం, కొంత సొమ్ము ఇస్తారు. నాకు తెలిసిన ఒక కార్యాలయంలో నలభై ఏళ్లు నిండిన ఉద్యోగినికి అది ఇవ్వడం చూశాను. శాలువా లేదు, దండ లేదు. అధికారి కాగితం చదివి చేయి కలిపాడు, అందరూ నిలబడి కేకు తిన్నారు, పావుగంటలో ఎవరి గదికి వారు వెళ్లిపోయారు. ఆవిడ ఆ కాగితాన్ని మడవకుండా అట్ట కవరులో పెట్టుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది.

పాతనాణెం:
నాకొక సందేహం మిగిలింది. ఇంత విలువైన శిలువలను కుటుంబాలు ఎందుకు అమ్ముకున్నాయి?

మీనాకారి:
అసలు అవి కుటుంబాల చేతికి రావాల్సినవే కావు. జర్మన్ సంస్థానాల్లో ఆర్డర్ చిహ్నం సాధారణంగా ప్రభుత్వ ఆస్తి. గ్రహీత చనిపోతే వారసులు తిరిగి అప్పగించాలి. దాన్నే బాగుచేసి మరొకరికి ఇచ్చేవారు. గౌరవం ఆయనది, బంగారం డ్యూకుది. 1918లో అడిగేవాడే లేకుండా పోయినప్పుడు చాలా శిలువలు ఇళ్లలోనే ఉండిపోయాయి. వెండి పతకాల విషయంలో ఇంత పట్టింపు ఉండేది కాదు. పాతనాణెం గారూ, ఆ వెండి పతకం కొక్కేన్ని భూతద్దంతో ఒకసారి చూడండి. ఉంగరం రాసుకున్నచోట అరిగి ఉంటే, దాన్ని పెట్టెలో దాచలేదని, తగిలించుకుని తిరిగారని అర్థం.

మీ మిత్రునికి ఒక్క మాట గట్టిగా చెప్పండి. నల్లబడిందని పూజ సామాను తోమినట్టు విభూది పెట్టి తోమవద్దు. ముఖం మీది గీతలు పోతాయి, పోయినవి రావు. రిబ్బను తడపవద్దు, ఎరుపు పచ్చలోకి దిగుతుంది. మెత్తటి పొడిబట్టతో అద్ది, ఆమ్లం లేని కాగితంలో చుట్టి ఉంచితే చాలు.

పాతనాణెం:
మీ సందేశం చూడగానే ఫోను చేశాను. విభూది డబ్బా, పాత పళ్లపొడి బ్రష్షు అప్పటికే బల్ల మీదికి వచ్చాయట. సమయానికి ఆపాను. ఈ సాయంత్రం వెళ్లి భూతద్దంతో చూశాను కూడా. శిలువ వెనక యేనా వాసి గారు చెప్పిన తేదీ ఉంది. వెండి పతకం మీద పేరు లేదు, సంవత్సరం లేదు. కొక్కెం పైభాగం మాత్రం గోరు గీతంత సన్నగా అరిగిపోయి ఉంది.